ట్రాఫిక్ ఆపకుండా పాత హైవే బ్రిడ్జి మార్చడం ఎలా: ముందు బండ్ల లెక్క, తర్వాతే కాంక్రీటు

బెంగళూరులో ఉండే మన తెలుగోళ్ళని ఎవర్నైనా కదపండి, పీణ్య ఫ్లైఓవర్ గురించి పది నిమిషాలు ఆపకుండా తిట్టగలరు. 2021 డిసెంబర్ 25న దాన్ని మూసేశారు, 102, 103 పిల్లర్ల దగ్గర కాంక్రీటు లోపల లాగి బిగించి పెట్టే ప్రీస్ట్రెసింగ్ కేబుళ్ళు దెబ్బతిన్నాయని తేలింది కాబట్టి. 2022 ఫిబ్రవరిలో కార్లనీ బైకుల్నీ ఎక్కనిచ్చారు గానీ లారీలు, బస్సులు మళ్ళీ ఎక్కడానికి 2024 జూలై ఆఖరు దాకా పట్టింది, అదీ 120 స్పాన్లలో (రెండు పిల్లర్ల మధ్య భాగమే స్పాన్) స్పానుకి రెండు చొప్పున 240 కొత్త కేబుళ్ళు దూర్చి బిగించాక. అన్నాళ్ళూ తుమకూరు రోడ్డు లారీలన్నీ కింద సర్వీసు రోడ్డు మీదే, జాలహళ్ళి క్రాస్ దగ్గర ఆ నరకం చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంతా చేసి ఆ ఫ్లైఓవర్ ఓపెన్ అయింది 2010లో, మూసేనాటికి దానికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు.

కాబట్టి పాత బ్రిడ్జి అంటే బ్రిటిషోళ్ళు కట్టిందే అనుకోకండి. గుజరాత్‌లో 2025 జూలై 9న కూలిన గంభీరా బ్రిడ్జి 1985 నాటిది, అంటే కూలేనాటికి దానికి నలభై ఏళ్ళే. బ్రిడ్జి వయసు క్యాలెండర్లో ఉండదు, దాని బేరింగుల్లో (పైభాగం పిల్లర్ల మీద ఆనే ప్యాడ్లు), జాయింట్లలో, కేబుళ్ళకి పట్టిన తుప్పులో ఉంటుంది.

ఇది ముఖ్యంగా కొత్తగా బ్రిడ్జి పనుల్లోకి దిగిన సైట్ ఇంజనీర్ల కోసం, కన్సల్టెన్సీల్లో డ్రాయింగులు వేసే పిల్లల కోసం రాస్తున్నా, జామ్‌లో ఇరుక్కుని "అసలు వీళ్ళేం చేస్తున్నారయ్యా ఇక్కడ" అనుకునేవాళ్ళకి కూడా పనికొస్తుంది. ఒక్క మాట మాత్రం మొదట్లోనే చెప్తా, ఎందుకంటే కింద రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మనోళ్ళు ముందు బ్రిడ్జి డిజైన్ చేసేసి, టెండరు కూడా అయ్యాక, ఆఖర్న ట్రాఫిక్ పోలీసుల ఎన్‌ఓసీ కోసం ఒక ట్రాఫిక్ ప్లాన్ గీస్తారు. అది తలకిందుల పద్ధతి. బండ్లు ఎటు పోతాయో తేలితేనే స్పాన్ ఎంత, గర్డర్ (కింద మోసే దూలం) ఏ రకం, డెక్ (బండ్లు నడిచే పైభాగం) ఎన్ని ముక్కలు, పిల్లర్ ఎక్కడ అనేవన్నీ తేలతాయి.

ముందు లెక్కపెట్టండి

ఏడు రోజులు, రోజుకి 24 గంటలు వాహనాల కౌంట్ తీసుకోండి. ఒక్క రోజు తీసి దాన్ని ఏడుతో గుణించే కన్సల్టెంట్లు ఉన్నారు, వాళ్ళ మాట వినకండి. సోమవారం పొద్దున కౌంటుకీ శనివారం రాత్రి కౌంటుకీ పోలికే ఉండదు ఈ ఊళ్ళో. పీసీయూల్లోకి (అన్ని బండ్లనీ కార్ల లెక్కలోకి తేవడం) మార్చేటప్పుడు టూవీలర్లని పక్కన వేరే కాలమ్‌లో కూడా ఉంచండి, ఎందుకంటే బెంగళూరులో రోడ్డు సగం మూసినప్పుడు కార్లు లైన్లో నిలబడతాయి గానీ బైకులు నిలబడవు, అవి ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరతాయి, వాటికి మీరు దారి ఇవ్వకపోతే మీ పని జాగాలోంచే దారి చేసుకుంటాయి.

కౌంట్ కంటే ముఖ్యమైంది బండి ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందన్నది. పుణె వైపు నుంచి వచ్చి హొసూరు, చెన్నై పోవాల్సిన లారీకి ఊళ్ళోకి రావాల్సిన పనే లేదు, దాన్ని ఊరి అంచున పోయే నైస్ రోడ్డెక్కించొచ్చు, లేదా దొబ్బస్‌పేట దగ్గరే తిప్పి దొడ్డబళ్ళాపుర మీదుగా హొసకోటె పోయే శాటిలైట్ రింగ్ రోడ్డుకి పంపొచ్చు. కాకపోతే ఆ బోర్డు దొబ్బస్‌పేటకి ముందే ఉండాలి. నెలమంగల దాటాక "ముందు బ్రిడ్జి పని, దారి మళ్ళింపు" అని బోర్డు పెట్టి లాభం లేదు, అప్పటికే డ్రైవర్ ఇరుక్కుపోయి ఉంటాడు, అంత పెద్ద బండిని వెనక్కి తిప్పలేడు. ఇంకోటి, నైస్ రోడ్డుకి టోల్ ఉంది, లారీ యజమాని తన జేబులోంచి ఎందుకు కడతాడు? పని జరిగినన్నాళ్ళు టోల్ ఎవరు భరించాలో ముందే మాట్లాడుకోకపోతే డైవర్షన్ కాగితం మీదే ఉంటుంది.

పీణ్యలో ఫ్యాక్టరీలకి సరుకు తెచ్చే బండి మాత్రం ఎక్కడికీ మళ్ళదు, అది అక్కడికే రావాలి. మీ బ్రిడ్జి మీద మిగిలే లేన్లు అలాంటి బండ్లకీ, అంబులెన్సులకీ, సిటీ బస్సులకీ సరిపోవాలి. ఈ లెక్క తేలాక "కనీసం ఇన్ని లేన్లు, పగలు ఇన్ని, రాత్రి ఇన్ని" అని ఒక్క లైన్ రాసుకోండి. ఆ లైనే మీ అసలు డిజైన్ బ్రీఫ్.

పాత బ్రిడ్జి ఇంకెంత మోస్తుంది

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. సగం బ్రిడ్జి మూస్తే మిగతా సగం మీద బరువు సగం అవుతుందనుకుంటారు, అవదు. రెండు వైపుల బండ్లూ ఒకే డెక్ మీదికొస్తాయి, అందులోనూ స్పీడు తగ్గి జామ్ అయితే లారీ వెనక లారీ బంపర్ తగిలేలా నిలబడి ఉంటుంది. మన ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 6 కోడ్‌లో డిజైన్ లెక్క కోసం పెట్టుకున్న 70ఆర్ వీల్డ్ బండి అంటే 100 టన్నులు, దాని వెనక ఇంకో 70ఆర్ రావాలంటే మధ్యలో 30 మీటర్ల ఖాళీ వదలాలని ఉంటుంది. జామ్‌లో అంత ఖాళీ ఎవడూ వదలడు. నిలబడ్డ బండికి ఇంపాక్ట్ (కదిలే బండి కొట్టే అదనపు దెబ్బ) ఉండదు నిజమే, బరువు మాత్రం గంటలకొద్దీ అక్కడే ఉంటుంది. పొడుగు స్పాన్లకి ఈ కేసు విడిగా వేసి చూడాల్సిందే.

డ్రాయింగులు దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. చాలా పాత బ్రిడ్జిలకి ఉండవు, ఉన్నా కట్టింది వేరేలా ఉంటుంది. రీబార్ స్కానర్‌తో స్టీలు ఎక్కడుందో పట్టుకోండి, కోర్లు తీసి బలం చూడండి, కార్బొనేషన్ (గాలి తగిలి కాంక్రీటు స్టీలుని కాపాడే గుణం పోవడం) ఎంత లోతు దిగిందో చూడండి, బేరింగులని టార్చి వేసుకుని దగ్గర్నుంచి చూడండి, పైనుంచి బైనాక్యులర్‌తో కాదు. ఇన్‌స్పెక్షన్‌కి ఐఆర్‌సీ ఎస్పీ 35, మిగిలిన కెపాసిటీ లెక్కకి ఎస్పీ 37, రెండూ దగ్గర పెట్టుకోండి. ఎక్స్‌పాన్షన్ జాయింట్ లీకై నీళ్ళు కారిన చోటే గర్డర్ చివర్లు, పియర్ క్యాపులు (పిల్లర్ల తల మీది దిమ్మెలు) ముందు పాడవుతాయి, కాబట్టి ఇన్‌స్పెక్షన్ అక్కణ్ణుంచే మొదలెట్టండి.

ఏ పద్ధతిలో మార్చాలి

అన్నిటికన్నా సుఖమైంది పక్కన కొత్తది కట్టి, బండ్లని దాని మీదికి మళ్ళించి, తర్వాత పాతది కూల్చడం. స్థలం ఉంటే రెండో ఆలోచన వద్దు. మన కార్వార్ దగ్గర కాళీ నది మీద ఎన్‌హెచ్ 66 పాత బ్రిడ్జి 2024 ఆగస్టు 7 అర్ధరాత్రి దాటాక కూలిపోయింది, లారీ ఒకటి నదిలో పడింది, డ్రైవర్‌ని బతికించారు. పక్కనే కొత్త బ్రిడ్జి ఉంది కాబట్టి హైవే తెగిపోలేదు, రెండు వైపుల బండ్లనీ దాని మీదికి తిప్పారు. కానీ ఇక్కడో పాఠం కూడా ఉంది. కొత్తది కట్టాక పాతదాన్ని "ఇంకో వైపు ట్రాఫిక్‌కి పనికొస్తుందిలే" అని వాడుకోవడం మన హైవేలన్నిటి మీదా మామూలే. నాలుగు లేన్లు చేసేటప్పుడు రెండు లేన్ల పాత బ్రిడ్జిని అలాగే ఉంచి పక్కన ఇంకోటి కడతారు, ఒక దిక్కు ట్రాఫిక్ నలభై ఏళ్ళ బ్రిడ్జి మీద, ఇంకో దిక్కు కొత్తదాని మీద పోతుంటుంది. మీ స్కీములో పాతదాని గతేంటో రాతపూర్వకంగా తేల్చండి.

ఇలా జంట బ్రిడ్జిలున్న చోట పద్ధతి తెలిసిందే, మీడియన్‌ని ముందూ వెనకా తెరిచి రెండు దిక్కుల బండ్లనీ ఒకే బ్రిడ్జి మీదికి తెచ్చి, రెండోదాన్ని ఖాళీ చేసుకోవడం. అమెరికాలో బోస్టన్ పక్కన మెడ్‌ఫర్డ్‌లో ఐ-93 హైవే మీద 2011 వేసవిలో చేసింది దాదాపు ఇదే. 14 బ్రిడ్జిల పైభాగాల్ని పది వీకెండ్లలో మార్చేశారు. శుక్రవారం రాత్రి ఒక దిక్కు రోడ్డు మూసి, బండ్లని ఎదురు దిక్కు రోడ్డు మీదికి తిప్పి, పాత డెక్ తీసేసి, ఫ్యాక్టరీలో ముందే తయారైన ముక్కల్ని దింపి, మధ్య సందుల్లో తొందరగా గట్టిపడే కాంక్రీటు పోసి, సోమవారం తెల్లారేసరికి ఆఫీసులకెళ్ళేవాళ్ళకి రోడ్డు అప్పజెప్పేశారు. వాళ్ళ దగ్గరున్నది మంత్రమేం కాదు, వీకెండ్ పనికి ముందు నెలల తరబడి ముక్కలు తయారుచేసి పెట్టుకోవడం.

స్థలం లేదు, జంట బ్రిడ్జి లేదు, నదో రైలు పట్టాలో కింద ఉన్నాయి, అప్పుడు మిగిలేది సగం సగం పద్ధతి. డెక్‌ని పొడుగ్గా నిలువునా కోసి, ఒక సగం మీద బండ్లు నడుపుతూ రెండో సగం కూల్చి కట్టడం. వినడానికి తేలిక, చేయడం దగ్గరే తలనొప్పి, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తా.

మొదటి ప్రశ్న, అసలు కోయడానికి వీలవుతుందా? స్లాబ్ బ్రిడ్జి, నాలుగైదు టీ-గర్డర్ల బ్రిడ్జి అయితే అవుతుంది. లోపల డొల్లగా పెట్టెలా ఉండే బాక్స్ గర్డర్‌ని సగానికి కోస్తే మిగిలేది బాక్స్ కాదు, దాని మెలిక బలం మొత్తం పోతుంది, కాబట్టి అక్కడ ఈ మాటే ఎత్తకండి. ఊళ్ళో ఫ్లైఓవర్లలో చాలావరకు ఒంటి పిల్లర్ మీద బాక్సులే, వాటికి కేబుళ్ళేసి బలం పెంచడమో, ఒక్కో స్పాన్‌ని మొత్తంగా ఎత్తి మార్చడమో తప్ప దారి లేదు.

టీ-గర్డర్లయినా కోత గీత ఎక్కడ పడుతుందో చూడండి. గర్డర్‌కీ గర్డర్‌కీ మధ్యలో కోస్తే ఆ స్లాబు అంచు ఇప్పుడు గాల్లో వేలాడుతుంది, కట్టినప్పుడు అది రెండు వైపులా ఆనుకుని ఉండేలా వేసిన స్టీలు, వేలాడేలా వేసింది కాదు. గర్డర్‌కి దగ్గరగా కోస్తే ఈ బాధ తగ్గుతుంది. గర్డర్లని అడ్డంగా కలిపే క్రాస్ గర్డర్లు కూడా తెగుతాయి, దాంతో ఒక గర్డర్ మీద పడ్డ బరువుని పక్కవి పంచుకోవడం తగ్గిపోద్ది, చివరి గర్డర్ ఒక్కటే ఎక్కువ మోస్తుంది. సరిగ్గా ఆ అంచు మీదే మనోళ్ళు కాంక్రీటు జెర్సీ బారియర్ పెడతారు, అది మీటరుకి ఆరేడు వందల కేజీలు! బలహీనమైన గర్డర్ నెత్తిన ఇంకో బరువు. అక్కడ తేలికైన స్టీలు బారియర్‌ని డెక్‌కి బోల్టు చేయడం నయం, లేకపోతే లేన్‌ని లోపలికి జరిపి అంచుకి దూరంగా నడపండి.

పియర్ సంగతి కూడా మర్చిపోవద్దు. పిల్లర్ నడిమధ్యన ఉండి పైన టీ ఆకారంలో క్యాప్ ఉంటే, ఒక వైపు డెక్ తీసేయగానే బరువంతా రెండో వైపే, పిల్లర్ పక్కకి వంగాలని చూస్తుంది. ఫౌండేషన్ దాకా ఆ కేసు చెక్ చెయ్యండి. చాలకపోతే క్యాప్ కింద తాత్కాలిక ఆసరా (ట్రెజిల్) నిలబెట్టండి.

కూల్చడంలో బ్రేకర్ వాడొద్దు, కనీసం కోత గీత దగ్గర వద్దు. ఎక్స్‌కవేటర్ బ్రేకర్ కొడుతుంటే పక్క సగం మీద బస్సులో కూర్చున్నోళ్ళకి కూడా తెలుస్తుంది, డెక్‌కి తెలీకుండా ఉంటుందా. డైమండ్ వైర్ సాతో కోసి క్రేన్‌తో ముక్కలు ఎత్తండి, ఖర్చెక్కువే, కానీ చప్పుడు తక్కువ, రాత్రి పూట చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లోళ్ళు కంప్లైంట్ చేయకుండా ఉంటారు. ప్రీస్ట్రెస్డ్ గర్డర్లయితే మధ్యలో అసలు కోయొద్దు, లోపల లాగి పెట్టిన కేబుల్లో దాచిన శక్తి ఉంటుంది, మొత్తం గర్డర్‌ని ఎత్తి కిందికి దించాకే ముక్కలు చేయాలి.

ఇవేవీ కుదరనప్పుడు తాత్కాలిక బ్రిడ్జి. చిన్న వాగులకి హ్యూమ్ పైపులేసి మట్టి పోసి డైవర్షన్ చేయడం మనకి అలవాటే, అది ఎండాకాలం వ్యవహారం. మే నెలలో వేసి జూన్‌లో తీసేస్తామంటే సరే, పని అటూ ఇటూ అయి వానాకాలంలోకి పోయిందా, ఒక్క రాత్రి వానకి కొట్టుకుపోద్ది. రెడీమేడ్ ముక్కలు బిగించి వేసే స్టీలు బెయిలీ బ్రిడ్జి నయం, కాకపోతే సింగిల్ లేన్ కాబట్టి రెండు చివరా మనిషిని పెట్టి వంతులు వేయాలి.

అన్నిటికంటే నాకు నచ్చేది పక్కన కట్టి జరిపే పద్ధతి. కొత్త డెక్‌ని పాతదాని పక్కనే తాత్కాలిక సపోర్టుల మీద తీరిగ్గా కడతారు, ట్రాఫిక్ పాతదాని మీద నడుస్తూనే ఉంటుంది, ఒక రాత్రో ఒక వీకెండో మూసి పాతది తీసేసి కొత్తదాన్ని హైడ్రాలిక్ జాకులతో తోస్తారు. కింద టెఫ్లాన్ ప్యాడ్లు, వాటి మీద స్టెయిన్‌లెస్ స్టీలు రేకు, ఇంత జారుడు పదార్థం రాస్తే వెయ్యి టన్నుల డెక్‌ని కదపడానికి వంద టన్నుల తోపు కూడా పట్టదు. మొదటి కదలికకే ఎక్కువ బలం కావాలి, కదిలాక తగ్గిపోద్ది. అమెరికాలో మాడిసన్, మిల్టన్ ఊళ్ళ మధ్య ఒహాయో నది మీద ఇంకో తెలివైన పని చేశారు. కొత్త స్టీలు ట్రస్‌ని (కడ్డీల చట్రం) పక్కన తాత్కాలిక పిల్లర్ల మీద కట్టి, ముందు బండ్లని దాని మీదికే ఎక్కించారు, పాతది కూల్చి దాని పిల్లర్లని బాగుచేసుకుని, 2014లో ఆ 700 మీటర్ల పైచిలుకు ట్రస్ మొత్తాన్ని పక్కకి జరిపి అసలు పిల్లర్ల మీద కూర్చోబెట్టారు. అంటే కొత్త బ్రిడ్జే డైవర్షన్ రోడ్డు కూడా. బీజింగ్‌లో 2015 నవంబర్లో శాన్‌యువాన్ బ్రిడ్జి 1300 టన్నుల డెక్‌ని 43 గంటల్లో మార్చింది కూడా ఇలా ముందే కట్టి పెట్టుకోబట్టే. వీడియో చూసి "చైనావాళ్ళు రెండ్రోజుల్లో బ్రిడ్జి కట్టేశారు" అని వాట్సాప్‌లో తిప్పుతారు గానీ, రెండ్రోజుల్లో కట్టలేదు, రెండ్రోజుల్లో మార్చారు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇలాంటి వీకెండ్ పనికి గంటల వారీ చార్టు రాసుకోండి, అందులో ఒక గీత గీయండి: ఈ టైముకి పాత డెక్ కోత మొదలెట్టలేకపోతే ఈ వారం పని రద్దు, రోడ్డు తెరిచేయడమే. ఆ గీత దాటాక వెనక్కి పోలేరు. క్రేన్ ఆగిపోతే ఇంకో క్రేన్ ఎక్కడుంది, జాకు లీకైతే స్పేర్ ఉందా, వాన పడితే ఏంటి, ఇవన్నీ గీతకి ముందే తేలాలి. గీత దగ్గర నిర్ణయం ఎవరిదో ఒక్కళ్ళ పేరు రాయండి, కమిటీ కాదు.

యుటిలిటీలు

పాత బ్రిడ్జి ఫుట్‌పాత్ కింద ఏముందో ఎవరికీ పూర్తిగా తెలీదు. బెస్కాం కరెంటు కేబుళ్ళు, నీళ్ళ మెయిను, గ్యాసు, అరడజను ఆప్టికల్ ఫైబర్లు, వాటిలో రెండు ఎవరివో కనుక్కోవడానికే నెల పడుతుంది. సివిల్ పని కంటే వీటిని మార్చడానికే ఎక్కువ కాలం పోయిన సైట్లు చాలా ఉన్నాయి. టెండరుకి ముందే ట్రయల్ పిట్లు తవ్వించి, డబ్బు డిపాజిట్ చేయించి, మార్పిడి మొదలుపెట్టించండి. అంతకంటే చెప్పడానికేం లేదు.

రోడ్డు మీద అసలు ఎలా కనబడాలి

వర్క్ జోన్‌కి ఐఆర్‌సీ ఎస్పీ 55 ఉంది, దాన్ని నాలుగు భాగాలు చేస్తారు: ముందస్తు హెచ్చరిక, లేన్లు సన్నబడే చోటు, పని జాగా, మళ్ళీ విప్పుకునే చోటు. బొమ్మలు చూస్తే అర్థమైపోతుంది. మన దగ్గర పాడయ్యేది రెండో భాగం. లేన్ ఒక్కసారిగా ముగిసిపోతుంది, నాలుగు కోన్లు, ఒక ఎర్ర గుడ్డ, అంతే. హైవే మీద 80 స్పీడులో వచ్చే వోల్వో బస్సుకి అది చాలదు. స్పీడు ఎంత ఎక్కువైతే టేపర్ (ఆ సన్నబడే చోటు) అంత పొడుగ్గా ఉండాలి, 80 నుంచి 60, 60 నుంచి 40 అని మెట్లు మెట్లుగా దించాలి, బోర్డులు రాత్రి లైటు పడగానే మెరిసేవి కావాలి, దుమ్ము తుడవడానికి రోజూ ఒక మనిషి కావాలి. ఈ ఆఖరిది ఏ టెండర్లోనూ ఉండదు.

కోన్లు పెడితే తెల్లారేసరికి సగం ఉండవు. నీళ్ళు నింపే ప్లాస్టిక్ బారియర్లు పెడితే వాటి మధ్య చేతి వెడల్పు సందు వదిలినా చాలు, హ్యాండిల్ బార్ వంచి యాక్టివా ఒకటి దూరిపోతుంది, దాని వెనక ఇంకోటి, పది నిమిషాల్లో అదే రోడ్డు. బారియర్లని ఒకదానికొకటి పిన్నులతో కలపండి, ఆ పక్కనే టూవీలర్లకి రెండు మీటర్ల దారి మీరే ఇవ్వండి. నాలుగు చక్రాలకి ఇచ్చే లేన్ మూడు మీటర్ల పైన ఉండాలి, అంతకంటే సన్నగా చేస్తే బస్సు అద్దాలు రాసుకుంటాయి, బస్సు ఆగితే అంతా ఆగినట్టే. రెండు చివరా ఒక్కో టోయింగ్ బండి 24 గంటలూ ఉండాలి, ఎందుకంటే సింగిల్ లేన్లో క్లచ్ ప్లేటు పోయిన లారీ ఒక్కటి చాలు, మీరు రాసిన ప్లాన్ మొత్తం చెత్తబుట్టలోకి పోడానికి. నడిచేవాళ్ళకి దారి, బస్టాపుని ఎక్కడికి జరిపారో తెలిపే బోర్డు, ఇవి కన్నడలో, ఇంగ్లిష్‌లో ఉండాలి, హొసకోటె, బాగేపల్లి వైపైతే తెలుగులో కూడా పెట్టండి, లారీ డ్రైవర్లలో మనోళ్ళు బోలెడు మంది.

ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని మర్చిపోకండి. ప్లాన్ డీసీపీ ఆఫీసులో పాసవుతుంది గానీ రోడ్డు మీద నడిపేది ఆయన. "ఎష్టు దిన సార్ ఇదు?" (ఎన్ని రోజులు సార్ ఇది) అని అడిగితే నిజం చెప్పండి, మూడు నెలలంటే మూడు నెలలని. చలికాలం రాత్రి పూట ఆయనకో గొడుగు, కుర్చీ, ఫ్లాస్కులో టీ ఏర్పాటు చేసిన సైట్లలో జామ్‌లు తక్కువుంటాయని నా గట్టి నమ్మకం.

క్యాలెండర్ కూడా దగ్గర పెట్టుకోండి. సంక్రాంతి, ఉగాది, దసరా, లాంగ్ వీకెండ్లు, ఈ రోజుల్లో ఊళ్ళోంచి బయటికి పోయే హైవేల మీద లేన్ మూయొద్దు. సంక్రాంతి ముందు రాత్రి హెబ్బాళ నుంచి దేవనహళ్ళి దాకా అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ బస్సులెలా ఉంటాయో తెలిసినవాడు ఆ తప్పు చేయడు. వాన సంగతి చూస్తే, ఈ ఊళ్ళో సెప్టెంబర్, అక్టోబర్ సాయంత్రాలు నమ్మకూడదు.

రెండు సగాల్ని కలిపే రాత్రి

సగం సగం పద్ధతిలో కష్టమైన ఘట్టం ఇది. మొదటి సగం కట్టి బండ్లని దాని మీదికి మార్చారు, రెండో సగం కూడా కట్టారు, మధ్యలో మీటరు లోపు సందు ఉంది, దాన్లోంచి రెండు వైపుల కమ్మీలు బయటికొచ్చి ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఒక వైపు డెక్ మీద లారీలు పోతున్నాయి, అది కిందికి దిగి లేస్తోంది, రెండో వైపు కదలట్లేదు. ఆ సందులో చెయ్యి పెట్టి ఒక వైపు కమ్మీ పట్టుకుంటే లారీ పోయినప్పుడల్లా వేళ్ళకి జిల్లుమంటుంది. ఇప్పుడు అందులో పచ్చి కాంక్రీటు పోస్తే ఏమవుతుందో ఊహించండి, గట్టిపడే లోపలే కమ్మీ చుట్టూ సన్న సందు పడి పట్టు పోతుంది.

అందుకని, కొత్త సగం పోసిన వెంటనే కలపకండి. దాని ముడుచుకోవడం, క్యాంబర్ (పైకి ఉన్న వంపు) మారడం కొంత అయిపోనివ్వండి, రెండు వైపుల లెవెల్స్ కలుస్తున్నాయా చూడండి. పోత రాత్రి 11 తర్వాత పెట్టుకోండి, ఆ రాత్రికీ మర్నాడు పొద్దుటి దాకా లారీలు, బస్సులు బ్రిడ్జి మీదికి రాకుండా పర్మిషన్ ముందే తీసుకోండి, కార్లు 20 స్పీడులో కోత గీతకి దూరంగా ఉన్న లేన్లోనే పోవాలి. రెండు డెక్‌లకీ అడ్డంగా స్టీలు బీములు బిగిస్తే తేడా కదలిక ఇంకా తగ్గుతుంది. అన్నిటికంటే చవకైన ఉపాయం, బ్రిడ్జి ఎక్కే ముందున్న గుంతలు, జాయింట్ దగ్గరి ఎత్తుపల్లాలు ముందు రోజే సాపు చేయించండి. బండి గెంతితే డెక్ ఇంకా ఎక్కువ ఊగుతుంది, బండి నున్నగా పోతే ఆ ఊపు బాగా తగ్గుతుంది.

శ్రీకాకుళం నుంచి వచ్చిన ఫోర్మన్లు ఈ ఊరి బ్రిడ్జి సైట్లలో చాలామంది ఉంటారు, వాళ్ళ చెవి మిక్సర్ మీదుండదు, రోడ్డు మీదుంటుంది. ఎంత ఆపినా తప్పించుకొచ్చే బరువు బండి చప్పుడు దూరంగా వినగానే "ఆపండి బాబూ, బండెల్లనీండి" అని వైబ్రేటర్ ఎత్తించేస్తారు, అది వెళ్ళాక మళ్ళీ మొదలు. ఏ పుస్తకంలోనూ లేకపోవచ్చు, అడ్డు చెప్పకండి.

తెరిచే ముందు

ప్రతి దశలోనూ, అంటే సగం తెరిచేటప్పుడు కూడా, నిండు టిప్పర్లు నిలబెట్టి లోడ్ టెస్ట్ చేయండి. ఐఆర్‌సీ ఎస్పీ 51 ప్రకారం బరువుని 24 గంటలుంచి, తీసేశాక ఇంకో 24 గంటలు చూస్తారు, వంగింది ఎంత వెనక్కి వచ్చిందో: ఆర్‌సీసీకి కనీసం 75 శాతం, ప్రీస్ట్రెస్డ్‌కి 85 శాతం. ఈ రెండు రోజుల్ని షెడ్యూల్లో మొదటి నుంచీ పెట్టుకోండి, ఆఖర్న మంత్రిగారి రిబ్బన్ తేదీ వచ్చాక టెస్టుకి టైము అడిగితే ఎవరూ ఇవ్వరు.

బండ్లని పాత సగం మీంచి కొత్త సగం మీదికి మార్చేది ఆదివారం తెల్లవారుజామునే. సోమవారం పొద్దున మార్చారో, డ్రైవర్లకి అలవాటైన దారి కనబడక మొదటి గంటలోనే గుద్దుకుంటారు. పాత రోడ్డు గీతల్ని నల్ల రంగు పూసి వదిలేయకండి, వానకి, రాత్రి లైట్లకి అవే మెరుస్తాయి, గ్రైండ్ చేసి తీసేయండి. దొబ్బస్‌పేటలో పెట్టిన డైవర్షన్ బోర్డులు కూడా అదే రోజు పీకించండి, ఆర్నెల్ల తర్వాత కూడా అవి అలాగే ఉంటే ఈసారి నిజంగా మూసినప్పుడు ఒక్క లారీ కూడా నమ్మదు.

కొత్త బ్రిడ్జి అప్పజెప్పేటప్పుడు కేబుల్ డక్టుల (కేబుళ్ళు పోయే గొట్టాలు) లొకేషన్లు, వాటిలో నింపిన గ్రౌట్ (సిమెంటు పాలు) రికార్డులు, స్పేర్ డక్టులు ఎక్కడున్నాయో చూపించే డ్రాయింగులు మెయింటెనెన్స్ వాళ్ళకి కాగితం మీద ఒకటి, ఫైల్లో ఒకటి ఇచ్చి సంతకం తీసుకోండి. బేరింగులు మార్చాల్సొస్తే జాకు ఎక్కడ పెట్టాలో పియర్ క్యాప్ మీదే పెయింటుతో గుర్తు వేయించండి.